తొమ్మిదో కుర్చీ

“తెరిపి గది తాళం ఇవ్వండయ్యా,” అంది ఆయమ్మ.

ఆసుపత్రి కొత్త గుమాస్తా కిటికీలోంచి ఆకాశం చూశాడు. “వానే లేదు, తెరిపేంటమ్మా?”

దిగులు పట్టినవాళ్లు వారానికోసారి చేరి ఒకరి గోడు ఒకరు వినే ఆ గ్రూప్ థెరపీని ఆమె పదకొండేళ్లుగా ‘తెరిపి’ అనే వింది, అలాగే అంది. ముసురు పట్టిన మొహాలు అక్కడ తెరిపిన పడటం చూశాక మార్చుకోబుద్ధి కాలేదు.

ఊడ్చి, ఇనుప కుర్చీలు గుండ్రంగా వేసింది. నేల కీచుమనకుండా వాటి కాళ్లకు పాత చీర పేలికలు కట్టింది తనే. వచ్చేది డాక్టరుతో కలిపి ఎనిమిది మంది, వేసేది తొమ్మిది. తొమ్మిదోదానికి పేలికల్లేవు, దాన్ని ఎవరూ జరపరు.

తను గుమ్మం పక్కన నీళ్ల బిందె దగ్గర నిలబడుతుంది. నిలబడి లోలోపల మండిపడుతుంది. మొగుడు పోయిన నాలుగో రోజునే డ్యూటీకి రమ్మన్నారు. “ఏడిస్తే ఇల్లు గడుస్తుందా వదినా?” అన్నాడు మరిది. ఇక్కడేమో ఏడ్చేవాళ్లకు కుర్చీలు, నీళ్లు, చుట్టూ చెవులు. కిందటి వారం ఆ ఎనిమిది మందిలో ఒకరైన టీచరమ్మ, పక్కనున్న మాజీ బస్సు డ్రైవర్ మొహం మీదే, “మీరు నా మాట పూర్తి కానివ్వరు, అచ్చం మా ఆయనలాగే,” అనేసింది. ఇక రాడనుకుంది ఆయమ్మ. వచ్చాడు. ఇవాళ టీచరమ్మ ముగించేదాకా పళ్లబిగువున విన్నాడు. ఆయమ్మకు ఇంకా ఒళ్లు మండింది. తన ఇంట్లో ఒక్కరైనా అలా విన్నారా?

చివర్లో డాక్టరు నవ్వాడు. “ఇవాళ రిటైరవుతున్నావు, ఇప్పుడైనా చెప్పు ఆయమ్మా. ఎనిమిది మందికి తొమ్మిది కుర్చీలేంటి? లెక్క రాదా?”

“లెక్క రాక కాదు బాబూ. నేను లెక్కలోకి రాక.”

డ్రైవర్ ఆ కుర్చీని తన పక్కకు లాగాడు. గదంతా కీచుమంది. “కూర్చో అక్కా. నా చెయ్యి వణుకుతుందని గ్లాసు సగమే నింపేదానివి. ఈ డాక్టరుగారికన్నా ముందు ఆ వణుకు చూసింది నువ్వే.”

అంచుమీద కూర్చుంది. “నాలుగో రోజున వచ్చి ఈ గదే ఊడ్చాను. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు.”

“అడగలేదు. తప్పే,” అంది టీచరమ్మ.

ఆమె చెప్పడం అయ్యేదాకా ఎవరూ గడియారం వైపు చూడలేదు. సాయంత్రం తాళం గుమాస్తాకిచ్చి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మరుసటి వారం కొత్త ఆయా ఎనిమిదే వేసింది. డ్రైవర్ మూలనున్న తొమ్మిదోది తెచ్చి, ఆ లెక్కా, ఆ తెరిపీ ఏమిటో ఆమెకూ, తాళంతో వచ్చిన గుమాస్తాకూ, అందరికీ విడమరిచి చెప్పాడు. తర్వాత జేబురుమాలు నాలుగు ముక్కలుగా చింపి దాని కాళ్లకు కట్టాడు. వణికే చేతులు వేసిన ముడులు, కాస్త వదులుగా.