అక్క ముఖం మీద లేని వయసు

1938 వేసవిలో, ఎల్లారెడ్డి ఊరికి దగ్గరి ఒక పల్లెలో, సాయవ్వ మరో కాన్పు తర్వాత మంచం పట్టింది. నడివయసు రాకముందే ఆమె జుట్టు నెరిసింది, పళ్లు కదిలాయి. పిల్లలు లేని అక్క భూదవ్వ మాత్రం నల్లటి జుట్టుతో ఆమెకు చెల్లెలిలా కనిపించేది. ఇది బాణామతి చేతబడి అనీ, అక్క చెల్లెలి ఆయుష్షును తాగుతోందనీ సాయవ్వ అత్త ఊరంతా చాటింది. భూదవ్వను వెళ్లగొట్టడానికి పటేలు, ఊరి పెద్దలు చావడిలో కూర్చున్నారు.

సాయవ్వ గోడ పట్టుకుంటూ అక్కడికి వచ్చింది. ప్రతి పురిటిలోనూ తనకు నీళ్లు పోసిన అక్క చేతులను తాడుతో కట్టి ఉంచడం చూసి ఆమె ఒళ్లు మండిపోయింది.

"పటేలా, నీ దొడ్లె ఒక్క ఈతల పుట్టిన రెండు మేకలున్నయి గద! ఎడతెగకుండ ఈనేది బక్కచిక్కి బొక్కల పోగైంది, గొడ్డుది ఇంక గోడలు దుంకుతది. ఏ మేక ఏ మేకకు మంత్రం జేసింది?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"సిగ్గు లేదానె, మొగోళ్ల నడుమ గిదేం మాట?" అని అత్త గద్దించింది.

"నీ కొడుక్కు లేని సిగ్గు నాకెందుకత్తా? పురుడు తీరకముందే మల్ల కడుపు! నా వయసు తిన్నది కాన్పులు, మా అక్క గాదు. ఎల్లగొడ్తె ఇద్దర్నీ ఎల్లగొట్టుండ్రి."

పటేలు ఏమీ తేల్చకుండానే లేచి వెళ్లిపోయాడు. సాయవ్వ ఎవరినీ అడగకుండా ముడి విప్పి, అక్కతో కలిసి ఆమె గుడిసెకే నడిచింది. పిల్లలు వెనకే వెళ్లారు. మొగుడు ఎన్నిసార్లు పిలిచినా ఆమె తిరిగి అతని గడప తొక్కలేదు.