ఐదు గంటల పేర్లు

జాకబ్ చనిపోయిన మూడు నెలలకు, నిండు సంఘంలో, మైకు పట్టుకుని, అతని కిడ్నీలు బాగుచేయమని నేను దేవుణ్ణి వేడుకున్నాను. అతని భార్య పుష్పావతి అప్పుడు రెండో వరుసలో చాప మీద కూర్చుని ఉంది. అలవాటు కొద్దీ సగంమంది ఆమేన్ అన్నారు. మిగతా సగం అనకపోయేసరికి నాకు తెలిసొచ్చింది.

తెలియక జరిగిందని చెప్పుకునే వీలు కూడా లేదు. సమాధుల తోటకు నేనూ వెళ్ళాను. గుప్పెడు మట్టి వేశాను. వాళ్ళింట్లో అన్నం తిని, పప్పు బాగుందని కూడా అన్నాను.

శింగనమల దగ్గర మా ఊళ్ళో నన్ను ప్రార్థన టీచరమ్మ అంటారు. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత పన్నెండేళ్ళుగా ఒక్క రోజూ తప్పకుండా పొద్దున ఐదింటికి మోకరించి ఇతరుల కోసం ప్రార్థన చేస్తున్నాను. నోటుపుస్తకంలో అరవై నాలుగు పేర్లు, ప్రతి పేరు పక్కన వాళ్ళ కష్టం. జ్వరమొచ్చినా మానలేదు. జ్వరం తగ్గగానే ఆ సంగతి నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఆదివారం సంఘం ముందు ఆ పుస్తకం చూసి చేసే విజ్ఞాపన ప్రార్థన ఎప్పుడూ నాదే. బడిలో తలెత్తకుండా హాజరు పిలిచేదాన్ని. ఈ పేర్లనూ అలాగే పిలుస్తున్నానని ఆ ఆదివారం దాకా నాకు తట్టలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు, వయసు మీద పడితే ఎవరికైనా జరిగేదేనని తేల్చేశారు. నేనూ ఆ మాటే పట్టుకుందామనుకున్నాను. మతిమరుపంటే సంఘం జాలిపడి ఊరుకుంటుంది. కానీ నా మనవరాలి పరీక్ష తేదీ, హాల్ టికెట్ నంబరుతో సహా, నాకు నోటికొచ్చు. పుష్పావతి ఎదురుపడకుండా పక్క తలుపులోంచి బయటపడి దొంగలా ఇల్లు చేరాను.

సోమవారం ఐదింటికి పుస్తకం తెరిచాను. పెదవులు కదులుతున్నాయి గానీ నేను అక్కడ లేను. మూసేశాను. మంగళవారం తెరవనే లేదు. పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. పుష్పావతి ముఖం చూసి తప్పు ఒప్పుకోకపోతే ఇక ఎవరి పేరూ దేవుడి ముందు ఎత్తలేనని అర్థమైంది. బుధవారం ఎండ తగ్గాక బయల్దేరాను.

వాళ్ళ ఇల్లు కాలనీ చివర. జాకబ్ నడిపిన ఆటో వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని ఉంది. పుష్పావతి అరుగు మీద కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నాకు కుర్చీ వేసి మళ్ళీ పనిలో పడింది. దారంతా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. తీరా నోట్లోంచి వచ్చింది తప్పయిపోయిందన్న ఒక్క మాటే.

"నాకేం కోపం రాలేదు టీచరమ్మా. మా ఆయప్ప పేరు ఇప్పుడెవురూ ఎత్తరు. మైకులో ఇనబడేతలికి బాగనే ఉండె."

నా గుండె తేలికపడింది. సిగ్గులేకుండా, ఇక లేచి వెళ్ళిపోవచ్చు కదా అనుకున్నాను. అప్పుడామె చేతులు ఆపి, జాకబ్ సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. రెండేళ్ళపాటు వారానికి మూడుసార్లు బస్సెక్కి అనంతపురం పోయి డయాలసిస్ చేయించుకునేవాడు. తిరిగొచ్చి అన్నం కూడా తినకుండా మంచం మీద వాలిపోయేవాడు. అయినా పొద్దున ఐదయ్యేసరికి లేచేవాడట.

"పండుకోమన్నా ఇనేటోడు కాదు. గోడకానుకోని కూచుంటాండె. ఇప్పుడు టీచరమ్మ నా పేరు చెప్తా ఉంటాది, నేను పండుకోనుంటే బాగుండదు అంటాండె." ఆమె నా వైపు చూసింది. "ఒకటి అడగతా. ఆయప్ప బతికున్నప్పుడు గూడా అట్లే మనసు పెట్టకుండా చదివినారా?"

కాదంటే నమ్మేది. కాదనాలని నోటిదాకా వచ్చింది కూడా. గోడకు ఆనుకుని కూర్చున్న ఆ మనిషి కళ్ళముందు మెదిలాడు.

"అట్లే చదివినా పుష్పా," అన్నాను.

ఆమె మళ్ళీ ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది.

"ఆయప్పకు తెలీకుండానే పోయినాడు. అదే మేలు."

క్షమించానని అనలేదు. అడిగే ముఖం నాకూ లేదు. కాసేపటికి కాయల గంప నా వైపు జరిపింది. కుర్చీ దిగి కింద కూర్చుని, చీకటి పడేదాకా ఒలిచాను. మధ్యలో తనంతట తానే చెప్పింది, ఇప్పటికీ ఐదింటికి మెలకువ వస్తుందనీ, ఏం చేయాలో తెలియక ఆ గోడకేసి చూస్తూ ఉంటాననీ. మూడు నెలల్లో ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే ఎప్పుడో చెప్పేది.

మర్నాడు ఐదింటికి పుస్తకం ముట్టకుండా మోకరించాను. పుష్పావతి అన్నాను. నోరు దానంతటది తర్వాతి పేరుకు పోబోయింది. చేత్తో మూసుకున్నాను. కాయలు ఒలిచి ఒలిచి బొటనవేలు మండుతోంది. ఈపాటికి ఆమెకూ మెలకువ వచ్చి ఉంటుంది. తెల్లవారేదాకా ఆ ఒక్క పేరు దగ్గరే ఉండిపోయాను.