గూటం కింది బొగ్గులు

పాలపొడి డబ్బా బొగ్గులతో నిండింది. లింబాద్రి దాన్ని ఒకసారి నేలకు తట్టి, మూత బిగించి, పికప్ వెనక గడ్డపారకూ సమ్మెటకూ మధ్య ఒదిగేలా పెట్టాడు. గల్ఫ్ పట్నం రూవిలో దుకాణాలు ఇంకా తెరవలేదు. సందు మొగలో మాంసం కాల్చి అమ్మే కడప బాషా మిగిలిన బొగ్గులను నీళ్లు చల్లి ఆర్పి, అట్టపెట్టెలో వేసి మెట్ల కింద ఉంచుతాడు. పదేళ్లుగా ఉంచుతున్నాడు. "పెద్దాయనా, నువ్వు నాటిన గూటాలు కబాబు వాసన కొడతాయంట గదా" అని ఎత్తిపొడుస్తాడు. లింబాద్రి నవ్వడు, కాదనడు.

యాభై ఏడేళ్ల మనిషి. ఇరవై రెండేళ్లు సర్వే కర్ర పట్టుకుని నిలబడ్డందుకు కుడి భుజం కొంచెం కిందికి దిగింది. గోళ్ల మొదళ్లలో ఎర్ర రంగు ఎన్నడూ పూర్తిగా పోదు. మిషన్ వెనక ఇంజనీరు చెయ్యెత్తితే అద్దం కర్రతో ఆగుతాడు. చెయ్యి దించితే అక్కడ హద్దుకు ఇనుప గూటం దిగేస్తాడు. నీళ్ల ఆఫీసు గూటానికి ఎరుపు, మున్సిపాలిటీకి నీలం, ఇళ్ల స్థలాల ఆఫీసుకు తెలుపు. మూడు ఆఫీసులూ మూడు కాలాల్లో వచ్చాయి. ఒకరి నక్షా ఒకరు చూసుకోలేదు. మూడింటినీ చూసింది గూటాలు దించిన లింబాద్రి ఒక్కడే, అతనికి నక్షా చదవరాదు.

బొగ్గులు వేయమని కంపెనీ చెప్పలేదు. తండ్రి ఊళ్లో సుంకరి, భూములు కొలిచే గిర్దావరు వెంట గొలుసు మోసేవాడు. హద్దురాయి పాతేముందు గుంతలో దోసెడు బొగ్గులు పోసేవాడు. రాయిని పొద్దునకల్లా ఎవడైనా జరపొచ్చు. కింద బొగ్గులున్నాయని తెలియక వాటిని అక్కడే వదిలేస్తాడు. బొగ్గుకు చెద పట్టదు, కుళ్లదు. చిన్నప్పుడు చూసిన పని కాబట్టి లింబాద్రి చేతికి అది కూడా గూటం పాతడంలో భాగమే.

ఈ రోజు మూడు ఆఫీసుల వాళ్లూ కలిసి వస్తున్నారు. ఒకే నక్షా మీద సంతకాలు చేస్తారు. గూటాలు తీసి సిమెంటు స్తంభాలు పోస్తారు. సంగతి చెప్పింది హైదరాబాదు ఇంజనీరు సమీయుల్లా. లింబాద్రి వీసా ఇంకో రెండేళ్లు పొడిగించే కాగితం కూడా ఆయన బ్యాగులోనే ఉంది.

గంటన్నర ప్రయాణం తర్వాత బండి ఎండిన వాగు ఒడ్డున ఆగింది. గట్టు మీద ఒంటి జమ్మిచెట్టు. ఇక్కడి వాళ్లు గాఫ్ అంటారు. మొదటిసారి ఆకు తుంచి చూసినప్పుడు తమ ఊరి చెట్టేనని లింబాద్రికి తెలిసిపోయింది.

ఎనిమిదేళ్ల కింద తుఫాను నాడు కొండల్లో వాన పడి ఈ వాగు వచ్చింది. వాగులో వేసిన రేకుల రూముల్లో అయిదుగురు పడుకున్నారు. పక్కూరి దేవయ్య అందులో ఒకడు. మనిషి మూడో రోజు దొరికాడు. అతని దుప్పటి జమ్మికొమ్మకు వేలాడుతూ కనిపించింది. దాన్ని దించడానికి లింబాద్రి పికప్ పైకెక్కాల్సి వచ్చింది. ఆ తర్వాతే నీళ్ల ఆఫీసు చెట్టు మొదట్లో ఎర్ర గూటం వేయించింది. అక్కడి నుంచి దిగువకు ఇల్లు కట్టకూడదు. రెండేళ్లకు సమీయుల్లా కొత్త నక్షా వచ్చిందని చెప్పి, గూటాన్ని వాగు వైపు వంద అడుగులు జరపమన్నాడు. లింబాద్రి ఎందుకని అడగలేదు, జరిపాడు.

పోయిన వారం ఆ వంద అడుగుల నేలలో తెల్ల సున్నంతో మూలలు గీశాడు. ఎనిమిది వరసలు, లేబర్ రూములు. తుఫాను నాడు నీళ్లు వచ్చిన నేలే అది.

మూడు కార్లు వచ్చాయి. బానెట్ మీద నక్షా పరిచారు. లింబాద్రి సమీయుల్లా పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

"సార్, ఎర్ర గూటం జాగ గిది గాదు. జమ్మిచెట్టు కాడ ఉండె. మనమే జరిపినం."

సమీయుల్లా తల తిప్పలేదు. "ఆజ్ నై, లింబాద్రీ. నీ కాగితం నా బ్యాగుల ఉంది. పోయి అద్దం పట్టుకో."

లింబాద్రి పికప్ దగ్గరికి పోయాడు. కర్రను ముట్టలేదు. గడ్డపార తీసుకుని జమ్మిచెట్టు మొదట్లోకి నడిచాడు. మూరెడు లోతున మట్టి నల్లబడింది. దోసెడు బొగ్గులు, పోసినవి పోసినట్టే ఉన్నాయి.

అధికారులు ఒక్కొక్కరే వచ్చారు. మున్సిపాలిటీ కుర్ర అధికారి పొడుగాటి తెల్ల అంగీ ఎత్తిపట్టుకుని గొంతుక్కూర్చుని, ఒక బొగ్గు తీసి విరిచి చూశాడు. ఏమిటిదని హిందీలో అడిగాడు. తాను పాతిన ప్రతి గూటం కిందా ఇవి ఉంటాయనీ, గూటం మొదట ఇక్కడే ఉండేదనీ, నీళ్లు ఇంతెత్తు వచ్చాయనీ లింబాద్రి వచ్చినంత హిందీలో చెప్పాడు. నీళ్ల ఆఫీసు పెద్దాయన నక్షా వైపు చూసి, పాత కాగితాలు తెప్పిద్దామా అన్నాడు. లింబాద్రి వేలు చూపించిన చోటికి అధికారులు చూడడం అదే మొదటిసారి.

సమీయుల్లా కోప్పడలేదు. లింబాద్రి చేతుల వైపు చాలాసేపు చూశాడు. ఆ చేతుల పని ఆయనకు పన్నెండేళ్లుగా తెలుసు.

"ఇప్పుడున్న గూటం కింద గూడా తవ్వు" అన్నాడు.

వంద అడుగులు నడిచేలోపు లింబాద్రికి గుర్తొచ్చింది. జరిపిన రోజు మనసు ఒప్పలేదు గానీ చేతులు వాటి పని అవి చేశాయి. గడ్డపారను వాలుగా దించితే పక్క మట్టి వస్తుంది, కిందిది కనబడదు. ఆ మాట తోచింది కూడా. గడ్డపార నిటారుగానే దిగింది.

మూరెడు లోతున నలుపు. అవీ బాషా బొగ్గులే.

రెండు చోట్లా ఉన్నాయిగా అని ఇళ్ల స్థలాల అధికారి నవ్వాడు. ఎవరో వండుకుని ఉంటారన్నాడు. కుర్ర అధికారి చేతిలోని ముక్కను పడేసి, కాగితంతో వేళ్లు తుడుచుకున్నాడు.

"జరిపినప్పుడు గూడ ఏసిన సార్" అన్నాడు లింబాద్రి. "ఏయకుంట గూటం పాతరాదు నాకు."

అది తెలుగులో వచ్చింది. సమీయుల్లా దాన్ని హిందీలో చెప్పలేదు.

గూటాలు చూసుకోవలసింది మున్సిపాలిటీ అని నీళ్ల ఆఫీసాయన అన్నాడు. గీత నీళ్ల ఆఫీసుదేనని కుర్ర అధికారి అన్నాడు. తమవి రూములు మాత్రమేనని మూడో ఆయన అన్నాడు. గాలికి నక్షా లేవకుండా మూలకో నీళ్ల సీసా పెట్టి ముగ్గురూ సంతకాలు చేశారు.

కార్లు వెళ్లాక సమీయుల్లా ఒక నీళ్ల సీసా తెచ్చి లింబాద్రికి ఇచ్చాడు. గొంతు మెత్తగానే ఉంది.

"నీకు గూడా వయసైంది. నీ భార్య గౌరవ్వ ఒక్కతే ఉంటది గదా ఇంట్ల. బేస్తారం నాడు ఫ్లైట్ చేపిస్త."

"మంచిది సార్."

గడ్డపార అందుకుని, "గా గుంతలు పూడ్సి రానా?" అని అడిగాడు. సమీయుల్లా తల ఊపి బండిలో కూర్చున్నాడు.

లింబాద్రి రెండు గుంతలూ పూడ్చి కాలితో తొక్కాడు. వాగు వైపు దాని మీద ఎర్ర గూటాన్ని నిలబెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. తర్వాత పికప్‌ను చెట్టు దగ్గరికి తెమ్మని చేత్తో సైగ చేశాడు. సమీయుల్లా ఎందుకని అడగకుండా తెచ్చాడు. లింబాద్రి బొగ్గుల డబ్బాతో పికప్ పైకెక్కి, అక్కడ చాలాసేపు ఏదో చేసి దిగాడు.

గురువారం అతను వెళ్లిపోయాడు. బాషా రెండు రోజులు బొగ్గులు మెట్ల కింద ఉంచి, మూడో రోజు మానేశాడు.

మరుసటి నెలలో రూముల పునాదులు లేచాయి. తాపీ పనివాళ్లు మధ్యాహ్నం జమ్మినీడన అన్నం తింటారు. తల పూర్తిగా వెనక్కి వాల్చి చూస్తే, ఎంత పొడుగు మనిషికీ అందనంత ఎత్తులో, ఒకప్పుడు దేవయ్య దుప్పటి వేలాడిన కొమ్మకు తీగతో కట్టిన పాలపొడి డబ్బా, మూత మీద ఎర్రటి బొటనవేలి ముద్ర.