తొక్కరాని గడ్డి

తెల్లారేసరికి గడ్డి అంతా తెల్లబడింది.

పరక పరకకీ మంచు. నోరు తెరిస్తే పొగ…

సెలూన్ పెద్దాయన అప్పటికే గేటు దగ్గర కాపలా.

ఊళ్లోవాళ్ల తలలన్నీ తన కత్తెర కింద వంచే మనిషికి, ఇంటి ముందున్న ఈ కాస్త పచ్చిక అంటే ప్రాణం. చలికాలం దానికి క్షవరం చేయడు. చలిలో గుండు కొట్టిస్తే మనకైనా జలుబు చేయదా, అంటాడు. రాలిన ఆకులు ఏరతాడు. ఎండ ఎక్కాకే నీళ్లు, అవీ కొద్దిగా.

మంచు పట్టిన పూట మాత్రం — ఎవరూ తొక్కకూడదు.

అప్పుడు పరక గాజులా ఉంటుంది. అడుగు పడితే విరుగుతుంది. నాలుగు రోజుల్లో ఆ అడుగు మేర మాడిపోతుంది. అందుకే పేపరు వాడి మీద అరుస్తాడు. వీధి కుక్కను బతిమాలతాడు. పక్కింటి టైలరు కాలు పెట్టబోతే — "బావగారూ, గచ్చు మీద, గచ్చు మీద!"

గచ్చు.

ఆ మాట వింటేనే ఆయన భార్యకు గుండె దడ.

వానాకాలంలో, గేటు దాకా వేసిన ఆ గచ్చు మీదే జారిపడింది. తుంటి విరిగింది. డాక్టరు అతికించాడు. ఎముక అతుక్కుంది. ఇక నడవొచ్చమ్మా అన్నాడు. ఆవిడే నడవలేదు. నేల చూస్తే చాలు, మళ్లీ కూర్చుండిపోయేది. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి — ఆయన భుజమే ఆవిడ కాళ్లు.

ఆయనకు బరువనిపించలేదు. భయమేసింది. ఇక ఇంతేనేమో… ఇంతేనేమో అని.

ఆ ఉదయం ఆవిడను వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, టీ తేవడానికి లోపలికి వెళ్లాడు.

తిరిగి వచ్చాడు.

కుర్చీ ఖాళీ.

తెల్లటి పచ్చిక మీద అడుగులు. నల్లగా, తడిగా. ఒకటి సూటిగా, ఒకటి కొంచెం ఈడ్చినట్టు…

అడుగుల చివర, పచ్చిక నడిమధ్య, ఆవిడ. దేన్నీ పట్టుకోకుండా. ఎవరినీ పట్టుకోకుండా.

టీ ఆయన వేళ్ల మీద ఒలికింది. కాలింది. తెలియలేదు.

"తిట్టండి," అంది ఆవిడ, రొప్పుతూ. "తొక్కేశాను."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"గచ్చు మీద ధైర్యం చాలలేదండీ. ఇది మీరు పెంచిన గడ్డి కదా… పడ్డా దెబ్బ తగలనివ్వదనిపించింది."

ఆయన ఏడ్చాడు. సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఈగను కూడా వాలనివ్వని గడ్డిలోకి చెప్పులతోనే దిగబోయి — ఆగాడు. తను వెళ్తే ఆవిడ మళ్లీ భుజం అందుకుంటుంది. అందుకే వసారాలోనే నిలబడి, వీధి వీధంతా వినేలా అరిచాడు.

"తొక్కు! ఇంకా తొక్కవే!"

టైలరు గోడ మీంచి తొంగిచూశాడు. "అదేంటి బావగారూ, గడ్డి పోదూ?"

"పోనీవయ్యా! గడ్డిదేముంది, మళ్లీ మొలుస్తుంది!"

ఆవిడ నవ్వింది. కాలెత్తింది. వేసింది. మళ్లీ ఎత్తింది…

వారం తిరిగేసరికి ఆ అడుగులన్నీ మాడాయి. గోధుమరంగులో, వరసగా, గేటు దాకా. ఆయన దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపించాడు. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్లకూ చెప్పాడు. కదలకండి అంటూనే చెప్పాడు.

మళ్లీ తెల్లారింది. మళ్లీ గడ్డి అంతా తెలుపు. మాడిన అడుగులు కూడా మంచు కింద తెల్లబడ్డాయి.

ఆవిడ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు మంచు మీద —

ఆ రోజు గేటు దాకా. ఇవాళ ఎటో…