అంచు మీద పేరు

దేనికని అడగకుండా దావూద్ గుడ్డ కోసేవాడు కాదు. పెళ్లికో, దుప్పటికో చెప్పాల్సిందే. చెప్పాకే గుడ్డతాను కిందికి దించేవాడు. సౌదీలోని ఖమీస్ ముషైత్ బజారులో అంతా ఆయనకదో పిచ్చి అనుకునేవాళ్లు. ఆయన కొట్లో పదకొండేళ్లు కత్తెర పట్టిన నరసాపురం దానానికి మాత్రం ఆ పిచ్చంటే ఎంత గౌరవమో!

ఆ ఏడాది బట్టల కొట్లలో సౌదీలే అమ్మాలని రూలొచ్చింది. దానానికి ఎగ్జిట్ కొట్టేశారు, ఇక ఇంటికి పోవాల్సిందే. ఆఖరి రోజున మనిషి కౌంటరుకు ఇవతల, కొనేవాళ్లు నిలబడే చోట నిలబడ్డాడు.

కావలసిందల్లా మూడు మీటర్ల తెల్లపట్టు. ఊళ్లో చర్చిలో ప్రభువు బల్ల మీద పరవడానికి తెస్తానని తల్లి రత్తమ్మకు మాటిచ్చాడు. ఇంకో కొట్లో కొనుక్కోవచ్చుగా అంటారేమో. దావూద్ పట్టు తడిమిన చెయ్యి ఇంకోదాన్ని ఒప్పుకుంటుందా?

"దేనికి?" అన్నాడు దావూద్.

ముసలాయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. చర్చికని చెబితే, వెళ్లిపోయే ముందు ముఖం తిప్పేసుకుంటే?

"ఇంటికి... కర్టెన్‌కి, బాబా."

పాపం, దావూద్ నమ్మాడు. గోనెసంచిలా మందంగా ఉన్న కర్టెన్ గుడ్డ దించి, కొలిచి, కత్తెర పెట్టబోతూ ఆగాడు. దానం కళ్లు పక్క అరలోని తెల్లపట్టు మీదే ఉన్నాయి.

"పదకొండేళ్లు నా గుడ్డ కోశావు. నాకే అబద్ధం చెప్తావా?"

దానం సిగ్గుతో చచ్చిపోయాడు. "చర్చికి, బాబా. మీరేమనుకుంటారోనని..."

"ఓరి పిచ్చివాడా!" ముసలాయన నవ్వేశాడు. "ఎనిమిది వందల ఏళ్లనాడు స్పెయిన్‌లో, మిస్రులో, అదే ఈజిప్టులో, మావాళ్లు నేసిన పట్టు మీవాళ్ల చర్చిలకు వెళ్లేది. వాళ్ల భక్తుల ఎముకలు అందులోనే చుట్టి దాచుకున్నారు. అంచున అరబ్బీ రాతలుంటే అలాగే ఉంచుకున్నారు. ఓ పక్క యుద్ధాలు, ఇంకో పక్క సరుకు ఓడలు! అప్పుడూ మావాడు దేనికని అడిగే ఉంటాడు. మీవాడు నిజమే చెప్పుంటాడు."

తెల్లపట్టు దించాడు. అంచు పొడవునా ఆకుపచ్చ దారంతో ఆయన పేరు, అరబ్బీలో. కత్తెర అందుకున్నాడు. దానం అలవాటుగా ముందుకొచ్చి, రూలు గుర్తొచ్చి ఆగిపోయాడు.

దావూద్ కత్తెర అతని చేతిలో పెట్టాడు. "అమ్మకూడదన్నారు. కొన్నవాడు కోసుకోకూడదని ఎవడన్నాడు?"

దానానికి కళ్లు మసకబారాయి. అయినా గుడ్డ మాత్రం తిన్నగానే కోశాడు.

నరసాపురంలో ఆదివారం ఉదయం రత్తమ్మ ఆ పట్టు పరిచి మురిసిపోయింది. పాస్టరుగారు అంచు చూసి నొసలు చిట్లించారు.

"ఈ రాతలేంటి దానం? లోపలికి మడిచి కుట్టించెయ్."

"వద్దండి అయ్యగారూ," అన్నాడు దానం. ఈసారి గొంతు తడబడలేదు. "అది మా దావూద్ బాబా పేరండి. ఎక్కడ పరుస్తామో ఆయనకి చెప్పే తెచ్చానండి."