అతుకు మీద పువ్వు

నీరజ నాగాచారి కొట్లో కూర్చుని ఉంది, కానీ కొట్టు చీరాల బజారులో ఉన్నట్టు లేదు, ఆచారి వెనక గోడ ఉండాల్సిన చోట ఆసుపత్రి నడవా ఒకటి పొడుగ్గా సాగిపోతోంది, దాని చివర ఎవరో నేల తుడుస్తున్నారు, ఫినాయిలు నీళ్ళు మెల్లగా పారుకుంటూ వచ్చి ఆమె పాదాల కింద చేరుతున్నాయి. పక్క కుర్చీలో అక్క ఇందుమతి కూర్చుని ఉంది. పోయి ఐదు నెలలైన మనిషి ఇక్కడికెలా వచ్చిందని నీరజకి అనిపించదు. అక్క మొహం అప్పుడే కడుక్కున్నట్టు తేటగా ఉంది, ఎడమచెయ్యి మాత్రం ఆ చివరి రోజుల్లోలాగే ఉబ్బి, నీళ్ళలో నానిన రొట్టెలా పాలిపోయి ఉంది.

ఆచారి ఎర్రగుడ్డ మీద ఉంగరం పెడతాడు. అది ఒకచోట తెగి, నోరు తెరుచుకుని ఉంది.

"అతికేస్తానమ్మా," అంటాడు ఆచారి. "అతుకు కనపడకుండా పైన చిన్న పువ్వు కూర్చోబెడతా. ఐదు రేకులా, ఎనిమిది రేకులా? మీ ఉంగరం, మీ ఇష్టం. శేషగిరిగారు మరీ మరీ చెప్పారు."

శేషగిరి ఇందుమతి మొగుడు. ఆరేళ్ళ కిందట నిశ్చితార్థంలో ఆమె వేలికి ఈ ఉంగరమే తొడిగాడు. మూత్రపిండాలు పాడై ఒళ్ళంతా నీరు పట్టి ఆమె పోయిన రోజున ఉంగరం వేలి నుంచి రాలేదు. సబ్బునీళ్ళు పోశారు, వేలికి దారం చుట్టి లాగారు, చివరికి చిన్న కత్తెర తెచ్చి కోసి తీశారు. ఇప్పుడు మూడేళ్ళ లాస్యకి తల్లి కావాలని, బయటి నుంచి ఎవత్తో వచ్చేకంటే సొంత పిన్ని నయమని పెద్దలు కూర్చుని తేల్చారు. వచ్చే గురువారం శేషగిరి అదే ఉంగరాన్ని నీరజకి తొడుగుతాడు. పాత ఉంగరమని నీరజ చిన్నబుచ్చుకోకుండా, తనకి నచ్చినట్టు నగిషీ మార్పించుకోమన్నాడు. ఎంత మంచి మనసో అని ఊరంతా అంది. నీరజ ఔననలేదు, కాదనలేదు.

ఆచారి నమూనాల పుస్తకం తెరుస్తాడు. పేజీలు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి, విడదీస్తుంటే పుండు మీది కట్టులాగా సాగుతూ ఊడుతున్నాయి. ఒక పేజీలో మల్లెతీగ, ఒక పేజీలో అల్లుకున్న రెండక్షరాలు, ఒక పేజీలో రాయి అడుగున ఎవరికీ కనపడకుండా దాచే కెంపు. "ఈ కెంపు పెట్టుకున్న మనిషికి మాత్రమే తెలుస్తుందమ్మా," అంటాడు ఆచారి గొంతు తగ్గించి, "చర్మానికి ఆనుకుని ఉంటుంది." నీరజ మొహం పక్కకి తిప్పుకుంటుంది.

అక్క మాత్రం పండక్కి చీరలు చూస్తున్నట్టు శ్రద్ధగా వంగి చూస్తోంది.

"చిలకలు ఉంచుతున్నారా, తీసేస్తున్నారా?" అని అడుగుతుంది.

రాయికి అటూ ఇటూ రెండు చిలకలున్నాయి, ముక్కులు రాయిని అంటుకుని. అంచుల వెంట ఆవగింజలంత బంగారు గుండ్లు వరసగా ఉన్నాయి. ఒకప్పుడు నీరజకి అవి ముద్దుగా కనిపించాయి, ఇప్పుడు చూస్తుంటే జడలో పేను గుడ్ల వరసలా ఉన్నాయి, తేరిపార చూస్తే కదులుతున్నాయేమో కూడా.

"లోపలి పేరు ముందు తీసేస్తా," అంటాడు ఆచారి. సన్నటి ఉలితో ఉంగరం లోపల గీకుతాడు. ఇందు అన్న అక్షరాలు బంగారు రజనులా రాలవు, ఎండిన పొక్కులా లేచి వస్తాయి, కింద చర్మం ఎర్రగా కనిపిస్తుంది. ఆచారి దాన్ని ఊదేసి, ఎడమచేత్తో గుడ్డమీంచి తుడిచేస్తాడు.

"నొప్పిగా ఉందా అక్కా?"

"నాకేం నొప్పే? నాకు చిలకల సంగతి చెప్పు," అంటుంది ఇందుమతి. "మా ఆయన ఎంచాడని చూసినవాళ్ళందరికీ చూపించేదాన్ని. ఆస్పత్రి నర్సుకి కూడా చూపించా. ఆయనకి అంత కళ ఎక్కడిదా అని ఒక్కోసారి అనుమానం వచ్చేది."

నడవా ఇప్పుడు కొట్లోకి ఇంకాస్త జరిగింది, నేల తుడిచే మనిషి దగ్గరికి వచ్చాడు, అయినా మొహం లేదు. నీరజ తన పాదాలు పైకి తీసి కుర్చీలో ముడుచుకుంటుంది.

"నేనే ఎంచాను," అంటుంది. "చిలకలు నేనే, గుండ్ల అంచు నేనే. మనిద్దరి వేళ్ళూ ఒకటే కొలతని బావ నన్ను తీసుకొచ్చాడు. నీకు చెప్పొద్దన్నాడు, నువ్వు ఆశ్చర్యపోవాలంట."

"మరి అది చెప్పడానికి ఆరేళ్ళు పట్టిందేందే?"

నీరజ నోరు తెరుస్తుంది, నోట్లో సువాసన వక్కపొడి రుచి తగులుతుంది, శేషగిరి ఎప్పుడూ నమిలే వక్కపొడి, గులాబీ అత్తరూ ఉమ్మీ కలిసిన ఆ వాసన. దాన్ని మింగలేక, ఉమ్మలేక, అట్లాగే మాట్లాడుతుంది.

"ఉంగరం కొంచెం బిగుతైంది. నా వేలికి ఎక్కలేదు. బావ దాన్ని తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నాలిక మీద అటూ ఇటూ తిప్పి, తడిపి, నా వేలికి తోశాడు. తోసి చెయ్యి వదల్లేదు. బొటనవేలితో రాస్తూ, ముందు నిన్ను చూపించి ఉంటే బాగుండేది మరదలా అన్నాడు. కొట్లో అందరూ నవ్వారు. ఈయనా నవ్వాడు." ఆచారి తల వంచుకుని ఉలి నూరుకుంటూ ఉంటాడు, వినపడనట్టు. "నేనూ నవ్వాను అక్కా. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నా, బొగ్గుపొడితో కూడా తోముకున్నా. వారానికి నీకు తొడిగారు. నువ్వు దాన్ని కళ్ళకద్దుకున్నావ్."

ఇందుమతి తన ఉబ్బిన వేలిని ఎత్తి చాలాసేపు చూసుకుంటుంది. ఉంగరం కోసిన చోట ఇంకా సన్నటి గాడి ఉంది, అందులో తడి మెరుస్తోంది.

"కళ్ళకద్దుకున్నా," అంటుంది మెల్లగా. "ముద్దు కూడా పెట్టుకున్నా. థూ."

అక్క ఉమ్మడం నీరజ ఎప్పుడూ చూడలేదు.

"నీకు చెప్తే బావామరదళ్ళ సరసం అని కొట్టిపారేస్తావనుకున్నా."

"కొట్టిపారేసేదాన్నే. నీ మీదే కోప్పడేదాన్ని కూడా. అప్పుడు నాకు ఆ ఉంగరం కావాల్సొచ్చింది." ఇందుమతి దాపరికం లేకుండా అంటుంది. తర్వాత ఇంకేదో గుర్తొచ్చినట్టు ఇటు తిరుగుతుంది. "లాస్య నిద్రలో ఇంకా చెవి పట్టుకుంటోందా?"

"పట్టుకుంటోంది. నా చెవి."

"అయితే చాలు. చెవి పట్టుకోడానికి ఉంగరం ఎందుకే?"

నీరజకి ఏడుపొస్తుంది, కానీ ఏడిచే వ్యవధి ఉండదు, ఎందుకంటే ఆచారి ఉంగరం ఎత్తి పట్టుకున్నాడు, అతుకు వేసేశాడు, దాని మీద పువ్వు కూడా వచ్చేసింది, ఎన్ని రేకులో లెక్కపెట్టబోతే రేకులు పెదాల్లా ముడుచుకుంటున్నాయి. "ఒక్కసారి తొడిగి చూపించమ్మా," అంటాడు, గొంతు మాత్రం ఆచారిది కాదు, శేషగిరిది. నీరజ చెయ్యి వెనక్కి లాక్కుంటుంది, అయినా ఉంగరం అప్పటికే వేలికి ఉంది, గోరువెచ్చగా, జిగటగా. లోపలి కెంపు చర్మాన్ని చప్పరిస్తోంది. గుండ్లు ఒక్కొక్కటీ ఉబ్బుతున్నాయి, వేలు వాటితో పాటు ఉబ్బి తెల్లబడుతోంది, ఎంత లాగినా కణుపు దాటదు.

"సబ్బు తెమ్మను," అని అరుస్తుంది.

"సబ్బు వద్దు, దారం వద్దు, నాకు అవన్నీ చేశారు," అంటుంది ఇందుమతి. ఆమె అప్పుడే నడవాలో దూరంగా ఉంది, ఫినాయిలు నీళ్ళలో అడుగులేసుకుంటూ పోతోంది, గొంతు మాత్రం చెవి పక్కనే ఉంది. "చచ్చాక కోశారు నాకు. నువ్వు బతికుండగానే తీసెయ్. పళ్ళతో లాగు."

నీరజ వేలు నోట్లో పెట్టుకుని గట్టిగా కొరుకుతుంది.

మెలకువ వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. నీరజ చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది, లాస్య ఆమె వీపుకి అంటుకుని నిద్రపోతోంది. గుమ్మంలో అమ్మ నిలబడి, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి పిలుస్తోంది.

"నాగాచారి అడుగుతున్నాడే. లోపల ఒట్టి నీ పేరే వెయ్యాలా, ఇద్దరిదీనా? గురువారం లోపు కావాలిగా, ఏదోటి చెప్పు."

"ఏదీ వద్దు. నేను బావని చేసుకోను."

"మళ్ళీ ఏందే ఇది? లగ్నం పెట్టుకుని..."

"కూర్చో అమ్మా," అంది నీరజ. కూర్చున్న తర్వాత, పిల్ల లేవకుండా చిన్నగొంతుతో, ఆరేళ్ళ కింద కొట్లో జరిగింది చెప్పింది. నోట్లో పెట్టుకున్నాడన్న దగ్గర ఆగింది, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. తనూ నవ్వానన్న సంగతి దాచలేదు. లాస్యని తనే పెంచుతానని, దానికి పెళ్ళి అక్కర్లేదని చెప్పింది.

ఫోనులో ఆచారి అమ్మా, అమ్మా అంటూ ఉన్నాడు. అమ్మ చెవి దగ్గర పెట్టుకుని, "ఏం చెయ్యొద్దు ఆచారీ, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచు, మా ఆయన వచ్చి మాట్లాడతాడు," అని పెట్టేసింది. తర్వాత కూతురి చెయ్యి అందుకుంది.

ఉంగరపు వేలి చుట్టూ పంటి గాట్లు ఎర్రగా పడి ఉన్నాయి, ఇంకా తడి ఆరలేదు. అమ్మ చీర కొంగుతో ఆ వేలిని తుడిచింది. ఆరిపోయిన తర్వాత కూడా తుడుస్తూనే ఉంది.