ఇరవై రెండు సెకన్ల సోని

నా పేరు సోని. పద్నాలుగేండ్లు. పెనుబల్లి పక్కన మా తండా, ఇంటెనకనే సాగర్ కాలువ. అండ్ల నేను ఈదినంత జల్దీ మా తండాల బైకులు గూడ పోవు. గప్పాలు కొడ్తలేను, మా రోడ్లట్లున్నయి మరి.

హైదరాబాద్‌ల ఒక క్రీడల హాస్టల్ ఉంది. ఈతకు మా దిక్కు నుంచి ఒక్కటే సీటు. పదిహేను నిండితే తీసుకోరు, అంటే నాకు ఇదే ఆఖరు మోకా. అక్కడ రోజూ పొద్దుగాల కోచ్ నిలబడి ఈదిపిస్తడంట. నాకు గదొక్కటే కావాలె. అన్నం తినుకుంట గూడ గదే యాదికొస్తది.

ఫారంల 'యాభై మీటర్ల టైం' అని ఓ గడి ఉన్నది. మా పీఈటీ తిరుపతి సారు కాలువ కట్టమీద టేపు పెట్టి కొలిచిండు. నేను దూకంగనే సెల్‌ఫోన్ల టైం పెట్టి నా ఎంబడే ఉరికిండు. నీళ్లు ఫుల్లుగ వదిలిన రోజది. నేను కాలువ పోయే దిక్కే పోయిన. ఇరవై రెండు సెకన్లు!

"సార్, సగం కాలువనే మోసింది" అన్న.

"కాలువ గూడ మనదే గదనే!" అని సారు రాసేసిండు.

తర్వాత ఫోన్ల ఏందో చూసి ఎగిరి గంతేసిండు. ప్రపంచంల ఏ ఆడపిల్లా గంత జల్దీ ఈదలేదంట. ఇగ చూస్కోండ్రి. మా బాపు హాతీరాం ఆటో పక్కకు పెట్టి, కల్లూరు పోయి ఫ్లెక్సీ కొట్టిచ్చిండు. అండ్ల నా ఫోటో కన్నా ఊరి లీడర్ల ఫోటోలే పెద్దగున్నయి. ఉక్కపోతల నాకు మూడు శాలువలు కప్పిండ్రు. "గది నా స్పీడు కాదు, కాలువది" అని మైకుల చెప్తే, పిల్లకు ఎంత అణకువనో అని చప్పట్లు కొట్టిండ్రు.

సెలక్షన్ భద్రాచలంల, ఓ హోటలోళ్ల ఈత కొలనుల పెట్టిండ్రు. కమిటీ పెద్దసారు నా ఫారం చూసి కుర్చీల నుంచి లేచిండు, నాతోని సెల్ఫీ గూడ దిగిండు. పోటీకి వచ్చింది ఇద్దరమే. నేనూ, భార్గవి అని పన్నెండేండ్ల పిల్ల. వాళ్ల బడి నుంచి ఎవరిదో ఒక పేరు పంపాలె అంటే ఈ పిల్ల పేరు రాసిండ్రంట.

విజిల్ ఊదంగనే దూకిన. ఆ నీళ్లు కదలవు, ఎనక నుంచి ఎవరూ తొయ్యరు. అయినా పానం పెట్టి ఈదిన. ముప్పై మూడు సెకన్లు. గట్టెక్కి, తల తుడుసుకొని, జడ సగం అల్లుకున్న. భార్గవి ఇంకా గోడ పట్టుకుంట పట్టుకుంట వస్తనే ఉన్నది. నిమిషం యాభై సెకన్లు పట్టింది.

పెద్దసారు కాలిక్యులేటర్ తీసిండు. ముఖం చిన్నగ చేసిండు.

"ఏందమ్మా, ఇరవై రెండు నుంచి ముప్పై మూడుకు పడిపోయినవ్? భార్గవిని చూడు. ఫారంల రెండున్నర నిమిషాలు, ఇయ్యాల నలభై సెకన్లు తగ్గింది. మాకు కావాల్సింది ఎదుగుదల."

"సార్, నేను గెలిచిన గద!"

"గెలుపు వేరు, ఎదుగుదల వేరు."

"గది కాలువ టైం సార్. నీళ్లే నన్ను తోసినయి."

"ఫారంల కాలువ అని ఎక్కడ రాసుంది?" అని తిరగేసి చూపిచ్చిండు.

ఎక్కడా లేదు. తిరుపతి సారు తన చెప్పుల దిక్కు చూస్కుంట నిలబడ్డడు. మా బాపు చేతులు జోడిచ్చి, "ఇంకోపాలి చూడుండ్రి సార్" అని బతిమాలిండు. వాళ్లు చాయ్ తాగి, సంతకాలు పెట్టి, సీటు భార్గవికి రాసిండ్రు. నాకు ఏడుపు ఆగలే. సిగ్గిడిచి అందరి ముందట వెక్కి వెక్కి ఏడ్చిన.

పెద్దసారు పోతపోత నా భుజం తట్టిండు.

"బాధపడకమ్మా. నీకు ఈత మంచిగ వచ్చు. ఒక పని చెయ్. సోమవారం భార్గవి హాస్టల్‌ల చేరాలె. అక్కడ లోతు ఎక్కువంట. ఓ గంటసేపు నేర్పి పో."

నా ఒళ్లు మండిపోయింది. నాలుగు మాటలు అనేద్దామని ఆ పిల్ల దిక్కు తిరిగిన. భార్గవి మెట్ల మీద కూసొని, ఇనుప కమ్మిని రెండు చేతులతోని పట్టుకున్నది. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి.

"అక్కా, నాకు లోతంటే భయం" అన్నది.

నోటిదాకా వచ్చిన తిట్టు ఆడనే ఆగిపోయింది. నా సీట్ల పోయే పిల్ల మునిగిపోతే ఎట్ల?

అల్లిన జడ ముడేసుకొని మల్ల నీళ్లల్లకు దిగిన.

"రా" అన్న. "ముందుగాల తల ముంచు."